వాక్ స్వాతంత్ర్యం, మత స్వాతంత్ర్యం – ఒక పెన్షనరు వేసిన జమాఖర్చు



రాజ్యాంగం అమలులోకి వచ్చి 75 ఏళ్లు నిండిన సందర్భంగా మన సంఘం తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను, న్యాయవాదినీ కాను. 34 ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపి 2006లో పదవీ విరమణ చేసిన మామూలు గుమాస్తాను. అయినా సరేనని ఒప్పుకోవడానికి ఒక కారణముంది. గత వినాయక చవితికి మా అపార్టుమెంటులో ఒక గొడవ జరిగింది. ఇరుపక్షాలవారూ “ఇది మాకు రాజ్యాంగం ఇచ్చిన హక్కు” అన్నారు. ఆ మాట ఇద్దరి నోటా ఒక్కసారే వినేసరికి, అసలీ హక్కు మనకెలా వచ్చింది, దానివల్ల ఒరిగిందేమిటి, పోయిందేమిటి అని లెక్క చూసుకోవాలనిపించింది.

మేముండేది కోకాపేటలో. మా అబ్బాయి ఇక్కడ ఫ్లాటు కొన్నాడు. బాల్కనీలోంచి చూస్తే దూరంగా గండిపేట చెరువు కనిపిస్తుంది. మూసీ వరదల తరువాత కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ అదే. ఒకప్పుడు పొలాలూ రాళ్లగుట్టలూ ఉన్న ఈ ఊళ్లో 2023లో జరిగిన వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. మా బిల్డింగులో దేశంలోని అన్ని మూలలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. ఒకే లిఫ్టులో దిగుతారు, ఒకే గేటులోంచి వెళతారు. వీరందరినీ కలిపి ఉంచేది ఊరి కట్టుబాటు కాదు, కులపెద్ద మాట కాదు. కాగితం మీద రాసుకున్న కొన్ని నియమాలే. అందుకే ఆ కాగితం కథ చెప్పుకోవడం అవసరం.

అనుమతి కాలం

మన పిల్లలకు నమ్మశక్యం కాదు గాని, ఈ నేల మీద నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవలసిన రోజులుండేవి. నిజాం ప్రభుత్వం 1920ల్లో తెచ్చిన 53వ నంబరు గస్తీ, అంటే సర్క్యులరు, అలాంటిది. మనం సర్వీసులో ఎన్నో సర్క్యులర్లు చూశాం. కాని ఒక్క సర్క్యులరుతో ఒక రాజ్యం నోరు కట్టెయ్యడమంటే ఏమిటో ఆనాటివారికే తెలుసు. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైంది మొదలు, ఈ గస్తీని తొలగించాలన్నది తెలంగాణ ప్రజల ముఖ్యమైన కోరికల్లో ఒకటిగా ఉండేది.

అయితే నోరు మూయించేది సర్కారు ఒక్కటే కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అక్కడ న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి ఆయన్ను కూర్చోబెట్టారు. అది సంస్కర్తల సభ అని మరచిపోకండి. ఏ గస్తీ ఆయన్ను ఆపలేదు, తోటి జనమే ఆపారు. ఆ అవమానం నుంచే ఆ రాత్రి ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ తరువాత నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వచ్చాయి.

మతం విషయానికొస్తే, నిజాం ప్రభువు భద్రాచలం మొదలైన ఆలయాలకు గ్రాంటులిచ్చిన మాట నిజం. అది చెప్పకపోతే న్యాయం కాదు. కాని కొత్తగా మందిరం కట్టాలన్నా, ఊరేగింపు తీయాలన్నా అనుమతి కావాలి. 1938–39లో ఆర్యసమాజంవారు చేసిన సత్యాగ్రహం ఇటువంటి కోరికల మీదే. అంటే ప్రభువు ఇస్తే ఉంది, ఇవ్వకపోతే లేదు. అది దయ, హక్కు కాదు.

ఈ తేడా మన పెన్షనర్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పెన్షన్ అనేది యజమాని దయతో పడేసే భిక్ష కాదు, ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఆ రోజున మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. నెలనెలా చేతికందే డబ్బు అదే కావచ్చు. కాని దయగా తీసుకునేవాడు తల వంచుకుంటాడు, హక్కుగా తీసుకునేవాడు తల ఎత్తుకుంటాడు. దేవుడికి మొక్కుకోవడంలోనూ, మనసులో మాట చెప్పడంలోనూ ఇదే తేడా.

షోయబుల్లా ఖాన్

ఈ లెక్కలో ఒక పేరు తప్పక రాయాలి. షోయబుల్లా ఖాన్ ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. అంతకు ముందు ఆయన పనిచేసిన రయ్యత్ పత్రికను సర్కారు మూయించింది. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని ఆయన ధైర్యంగా రాశాడు. అదే మాట చెబుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటననూ అచ్చువేశాడు. ఆ ఏడుగురిలో నిజాం సర్కారులో ఉద్యోగం చేసినవారూ ఉన్నారు. ఆ రోజుల్లో అటువంటి కాగితం మీద సంతకం పెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే.

1948 ఆగస్టు 21 అర్ధరాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్న షోయబుల్లా ఖాన్‌పై కాచిగూడ ప్రాంతంలో దుండగులు దాడి చేశారు. రాసిన చేతిని నరికారు. తెల్లవారేసరికి ఆయన కన్నుమూశాడు. ముప్పయ్యేళ్లు కూడా నిండని యువకుడు. నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న, సంస్థానం యూనియన్‌లో కలిసిపోయింది. ఆయన కోరింది జరిగింది, చూడడానికి ఆయన లేడు.

కాగితం మీదికి వచ్చిన హక్కు

రాజ్యాంగ సభలో మన సంస్థానం నుంచి ప్రతినిధులు లేరు. 1949 నవంబరులో నిజాం ఆ రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ప్రకటన చేశాడు. 1950 జనవరి 26 నుంచి, నిన్నటిదాకా సభకు దరఖాస్తు పెట్టుకున్న మనిషికి 19వ అధికరణం వాక్ స్వాతంత్ర్యం, 25వ అధికరణం మత స్వాతంత్ర్యం ఇచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే హక్కును 32వ అధికరణం ఇచ్చింది.

అయితే ఈ హక్కులు హద్దులతోనే పుట్టాయి. 25వ అధికరణం మొదలయ్యేదే శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబడి అన్న షరతుతో. హిందూ ఆలయాల తలుపులు అన్ని వర్గాలవారికీ తెరిపించే అధికారం కూడా అందులోనే ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ హద్దే లేకపోతే గుడి బయట నిలబడ్డవాడు ఇంకా బయటే ఉండేవాడు. కాబట్టి హద్దన్నది ప్రతిసారీ నష్టమే అనలేము.

వాక్ స్వాతంత్ర్యం హద్దుల కథ వేరు. క్రాస్‌రోడ్స్ అనే బొంబాయి వారపత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానీయకుండా నిషేధించింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. సంపాదకుడు రొమేష్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్లి 1950 మేలో గెలిచాడు. రాజ్యాంగం వచ్చి ఏడాదిన్నర తిరగకుండానే, 1951 జూన్‌లో, పార్లమెంటు మొదటి సవరణ చేసింది. శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహసంబంధాలు, నేరానికి పురికొల్పడం అనే మూడు కొత్త కారణాలు చేర్చింది. అదే సవరణ ఆ పరిమితులు ‘సమంజసమైనవి’గా ఉండాలన్న మాటనూ చేర్చింది. ఒక చేత్తో తీసుకుని, రెండో చేత్తో కొంత తిరిగి ఇచ్చినట్టయింది. ఏది సమంజసమో తేల్చే పని కోర్టులకు పడింది. ఆ తేల్చడం నేటికీ జరుగుతూనే ఉంది.

జమ

జమ వైపు మొదట రాయవలసింది ఒంటరివాడికి దొరికిన రక్షణ. కేరళలో ఒక కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడేవారు గాని, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కారు. బడినుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డిగారు. ఆ పిల్లల నమ్మకం మనకు వింతగా తోచవచ్చు. కాని దేశంలో అత్యధికులు ఒకవైపున్నా, ముగ్గురు పిల్లల మనస్సాక్షి గెలవగలిగింది. సర్కారు దయ మీద నడిచే రాజ్యంలో అది సాధ్యమయ్యేది కాదు.

రెండోది పత్రికలది. 1983లో శాసనమండలిలో జరిగిన గొడవకు ఈనాడు పత్రిక ‘పెద్దల గలాభా’ అని శీర్షిక పెట్టింది. సభాహక్కుల ఉల్లంఘన అన్నారు. సంపాదకుడు రామోజీరావుగారిని సభ ముందు నిలబెట్టాలన్నారు. 1984లో సుప్రీంకోర్టు ఆయన అరెస్టును ఆపింది. ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీనుల్లో మరో మాట ఉండేది కాదు.

మూడోది మనది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు వదులుకున్నట్టు కాదని, శాంతియుత ప్రదర్శనలను పూర్తిగా నిషేధించడం చెల్లదని 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె హక్కు మాత్రం ఇవ్వలేదు. మధ్యాహ్న భోజన విరామంలో నల్లబ్యాడ్జీలు పెట్టుకుని గేటు ముందు మనం వేసిన నినాదాలకు వెనుక దన్ను ఆ తీర్పే.

ఖర్చు

ఖర్చు వైపు మొదటిది ఆలస్యం. 1974లో సికింద్రాబాదు కుట్రకేసు అని పేరుపడిన కేసులో కొందరు విప్లవ రచయితలను ఇరికించారు. వారి రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. కాని ఆ కేసు వీగిపోయింది 1989లో, అంటే పదిహేనేళ్లకు. నిందితుల్లో ఒకరైన చెరబండరాజు 1982లోనే చనిపోయాడు. నిర్దోషి అన్న మాట ఆయన చెవిని పడలేదు. హక్కుంది, తీర్పూ వచ్చింది. మధ్యలో మనిషే పోయాడు.

రెండోది, ఈ హక్కును ఒక్క రాత్రిలో తీసి పక్కన పెట్టవచ్చన్నది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు అది చూశాం. ఇక్కడ నా సొంత లెక్కలో ఒక ఖర్చు రాసుకోవాలి. యాభై ఏళ్లుగా రాయకుండా దాచుకున్నది.

1976లో నేను ఒక చిన్న ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మా సెక్షనులో ఒక సీనియరు ఉండేవారు. నాకు డ్రాఫ్టింగు నేర్పింది ఆయనే. పేపరు చదివి, “ఇందులో వార్తలు తప్ప అన్నీ ఉన్నాయోయ్” అన్నారొక రోజు టీ తాగుతూ. ఎవరు చేరవేశారో తెలియదు. వారం తరువాత పైఅధికారి నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. ఆయన ప్రభుత్వాన్ని విమర్శించగా నేను విన్నానని అందులో ఉంది. నాకు అప్పుడు పెళ్లయి ఏడాది, ప్రొబేషను ఇంకా డిక్లేరు కాలేదు. సంతకం పెట్టాను. ఆయన్ను దూరపు జిల్లాకు బదిలీ చేశారు. వెళ్లేముందు నా సీటు దగ్గరికొచ్చి, “ఆ పెండింగు ఫైలు శుక్రవారంలోగా పంపెయ్యి, మరచిపోకు” అని మాత్రం అన్నారు. సంతకం సంగతి ఆయనకు తెలుసునని నా నమ్మకం. ఎమర్జెన్సీ పోయింది, సెన్సారు పోయింది. ఆయన కూడా పోయారు. క్షమించమని అడగడానికి నాకు బోలెడంత వాక్ స్వాతంత్ర్యం ఉండి కూడా అడగలేదు.

మూడో ఖర్చు గుంపు. ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం చేతిని పట్టుకుంటాయి. గుంపు చేతిని పట్టుకోవలసింది పోలీసులు, ఆపైన మనం. మాకు దగ్గరలోనే చిలుకూరు బాలాజీ ఆలయముంది. అక్కడి అర్చకులు సి.ఎస్. రంగరాజన్‌గారు 2018లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు. మతస్వేచ్ఛకు అంతకన్నా మంచి వ్యాఖ్యానం ఏముంటుంది? 2025 ఫిబ్రవరి 7న అదే అర్చకుల ఇంటికి ఒక గుంపు వచ్చి, తమ బృందానికి సాయపడమని ఒత్తిడి చేసి, కాదన్నందుకు ఆయన మీద చేయిచేసుకుంది. పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. షోయబుల్లాను చంపినవారిదొక మతం, ఈ గుంపుదొక మతం. ఆ ఇద్దరూ దెబ్బతిన్నది కూడా తమ మతంవారి చేతుల్లోనే. గుంపుకు మతం ఒక జెండా మాత్రమే.

మళ్లీ కోకాపేటకు

ఇక మా అపార్టుమెంటు సంగతి. చవితి పందిరిలో మైకు రాత్రి పదకొండు దాటినా మోగుతోంది. మూడో అంతస్తులో ఒక క్రైస్తవ కుటుంబం. ఆ ఇంటి పెద్దాయన బైపాసు ఆపరేషను చేయించుకుని వచ్చి నాలుగు రోజులే అయింది. కోడలు కిందికి వచ్చి కొంచెం తగ్గించమని అడిగింది. ఆవిడ అడిగింది రోగి కోసం. మావాళ్లకు వినిపించింది మతం. మాటా మాటా పెరిగింది. మరునాడు ఒక కాగితం తయారైంది. ఆదివారాలు వాళ్లింట్లో జరిగే ప్రార్థన కూటమిని ఆపించాలని అందులో రాశారు. కమిటీ కుర్రవాడు మా ఇంటికి తెచ్చి, “అంకుల్, మీరు పెద్దవారు, మొదటి సంతకం మీదే ఉండాలి” అన్నాడు.

పెన్ను చేతిలో పెట్టాడు. 1976 నాటి కాగితం కళ్లముందు కదిలింది.

ఆ అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వద్దని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. పండుగలకు ఏడాదిలో కొన్ని రోజులు సడలింపు ఇచ్చే వీలుందిగాని, అది ప్రభుత్వం ఇవ్వాలి, మనం తీసుకునేది కాదు. అంతకు ముందే 2000లో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి మైకులో ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని అదే కోర్టు అంది. ఆ కేసులో మైకు పెట్టింది మద్రాసులోని ఒక చర్చి. కాబట్టి ఈ నియమం మనకొకటి, వాళ్లకొకటి కాదు. ఇక వాళ్లింట్లో వాళ్లు తలుపులు వేసుకుని చేసుకునే ప్రార్థనను ఆపమనడానికి మనమెవరం? రేపు మనింట్లో సత్యనారాయణ వ్రతం ఆపమని మరొకరు కాగితం తెస్తే?

సంతకం పెట్టలేదు. అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. నెల రోజులు ఉదయం నడకకు నాతో వచ్చేవాళ్లు తగ్గారు. ఒకాయన నాకు నమస్కారం కూడా మానేశాడు. అబద్ధమెందుకు, బాధ కలిగింది. తరువాత కమిటీలో రెండు గంటలు వాదించుకుని, అందరికీ ఒకే నియమం పెట్టుకున్నాం: ఏ పండుగైనా మైకు తొమ్మిదిన్నరకు బంద్. ప్రార్థనలకు వచ్చేవాళ్ల బళ్లు బయట పెట్టాలన్నదీ అందులోనే ఉంది. అందరూ సంతోషించారని చెప్పను. అందరూ సంతకం పెట్టారు. నిమజ్జనంనాడు ఆ కోడలే మా ఆవిడకు అరటిపళ్లు ఇచ్చి, పందిట్లో పెట్టమంది.

నా జమాఖర్చులో తేలింది ఇంతే. రాజ్యాంగం మనకు మాట్లాడే హక్కు ఇచ్చింది, ఎదుటివాడు వినాలన్న హామీ ఇవ్వలేదు. మొక్కుకునే హక్కు ఇచ్చింది, పక్కవాడి నిద్ర మీద హక్కు ఇవ్వలేదు. 53వ నంబరు గస్తీని రద్దు చేయడానికి ఒక తరం పోరాడింది. మనుషులు మనుషుల మీద విధించే గస్తీని రద్దు చేయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ చాలదు. దాన్ని ఎవరికి వారు, తమ ముందుకు వచ్చిన కాగితం దగ్గర, రద్దు చేసుకోవలసిందే.

అన్నీ కలిపి చూస్తే జమే ఎక్కువని నా అభిప్రాయం. ఖర్చులో చాలా భాగం మన చేతులతో మనం రాసిందే. సర్వీసులో ఉండగా నడవడి నియమావళికి భయపడి చెప్పలేని మాటలు చాలా ఉండిపోయాయి. ఇప్పుడు మనల్ని బదిలీ చేసేవారు లేరు, ఇంక్రిమెంటు ఆపేవారు లేరు. మనవళ్లకు ఈ కథలు చెప్పే తీరికా మనకే ఉంది. నేను చెప్పవలసినవాటిలో ఒకటి, యాభై ఏళ్లు ఆలస్యంగా, ఈ సంచికలో చెప్పుకున్నాను. మిగతాది పాఠక మిత్రుల విజ్ఞతకు వదులుతూ, సెలవు.